అరిబాల్‌ను ఎవరు కనిపెట్టారు?

"ఆ పేరు మాది!"

ధాత్రి అంత గట్టిగా అంటుందని ఆ హాల్లో ఎవరూ అనుకోలేదు. ధాత్రి కూడా అనుకోలేదు. షీర్ ఖుర్మా కప్పు అందిస్తున్న లియాఖత్ అలీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సోఫాల్లో, కింద తివాచీ మీద కూర్చున్న మిగతా ఆరుగురూ ల్యాప్‌టాప్‌ల మీంచి తలలెత్తారు. ఎవరి వైపు ఆమె వేలు చూపించిందో ఆ కళ్ళద్దాల కుర్రాడు మాత్రం పెన్సిల్ చెవి వెనక పెట్టుకుని, "ఎవరిది?" అన్నాడు అమాయకంగా.

"తోమాస్ అరిబాల్. మా నాన్న లిస్టులో తొమ్మిదో రౌండ్ పేరు."

"బేటా ధాత్రీ," అన్నాడు లియాఖత్ అలీ, "ఈ ఆటల మాది మీది ఉండదు. ముందుగాల ఎవరు చెప్తే వాళ్ళది. అమర్ ముందు చెప్పిండు. ఖతం."

రంజాన్ పండగ మర్నాడు, శనివారం ఉదయం. ఖతార్‌లోని అల్ హిలాల్ పేటలో లియాఖత్ అలీ ఇంట్లో ఫాంటసీ బేస్‌బాల్ డ్రాఫ్ట్ జరుగుతోంది. పదిహేనేళ్ళ కిందట గ్యాస్ ప్లాంటులో పనిచేసిన అమెరికన్లు మొదలుపెట్టిన ఆట అది. వాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకు వెళ్ళిపోతూంటే ఖాళీ అయిన చోట్లలో తెలుగువాళ్ళు చేరారు. ఇప్పుడు ఎనిమిది మందీ మనవాళ్ళే. బేస్‌బాల్ మైదానం ఒక్కరూ కళ్ళతో చూడలేదు గానీ, అమెరికాలో ఏ ఆటగాడికి ఏ చెయ్యి నొప్పిగా ఉందో అందరికీ తెలుసు.

ఆట తేలికే. అక్కడ నిజంగా ఆడేవాళ్ళ పేర్లను ఇక్కడ ఎనిమిది మందీ వంతులవారీగా పంచుకోవాలి. ఒకరు తీసుకున్న పేరు ఇంకొకరు తీసుకోకూడదు. తర్వాత ఆరు నెలలపాటు అక్కడ వాళ్ళు కొట్టిందే ఇక్కడ మన పాయింట్లు. ఒక్కో వారం ఒక్కో జట్టుతో పోటీ. పెద్ద పెద్ద పేర్లు మొదటి రౌండ్లలోనే అయిపోతాయి. అసలు తెలివంతా ఆ తర్వాత. ఇన్నేళ్ళూ మామూలుగా ఆడి ఈ ఏడు విజృంభించబోయేవాణ్ణి పట్టుకోవాలి. వాణ్ణి బ్రేకౌట్ అంటారు. ఇంకా గొప్ప సంగతి, ఎవరి కంటా పడకుండా ఓ మూల నిద్రపోతున్నట్టుండి హఠాత్తుగా లేచి కూర్చునేవాణ్ణి పట్టుకోవడం. వాడు స్లీపర్.

ధాత్రి నాన్న రామచంద్రరావు ఈ లీగ్‌లో పన్నెండేళ్ళ నుంచి ఆడుతున్నాడు. ఈద్ సెలవుల్లో ఆయనకు ప్లాంటులో డ్యూటీ పడింది. అందుకే కూతురు అల్ ఖోర్ నుంచి యాభై కిలోమీటర్లు కారు నడుపుకుంటూ, నాన్న రాసిచ్చిన లిస్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చింది.

"అంకుల్, పోయినేడు ఇతని స్కోరు చూస్తే ఎవరూ ముట్టుకోరు. మా నాన్న నెల రోజులు తవ్వి తీసిన పేరు ఇది. ఖతార్ మొత్తం మీద ఈ పేరు తెలిసింది ఆయనొక్కరికే. మరి ఈయనకెలా తెలిసింది?" ధాత్రి లెక్కల టీచరు. కాపీ కొట్టినవాణ్ణి నిలదీసేటప్పుడు ఆమె గొంతు ఒక స్థాయి కిందికి దిగుతుంది. అమర్ వైపు తిరిగేసరికి ఇప్పుడూ దిగింది. "మీరూ మా నాన్నా ఒకే బస్సులో వెళ్తారు కదూ?"

"ఆఁ. కంపెనీ బస్సు."

"పక్కపక్కనే కూర్చుంటారు కదూ?"

"ఎక్వసార్లు."

"మా నాన్న చేతిలో చిన్న నోట్‌బుక్ ఉంటుంది కదూ?"

అమర్ ఏదో చెప్పబోయాడు. అతని చూపు ఆమె చేతిలోని కవరు మీద పడింది. అందులో రామచంద్రరావు ముత్యాల్లాంటి అక్షరాలు. తోమాస్ అరిబాల్. దాని కింద ఇంకో రెండు పేర్లు. అతను వాటిని చదివాడు. తెరిచిన నోరు మూశాడు.

"సారీ మేడమ్," అన్నాడు.

"చూశారా!" అంది ధాత్రి, అందరివైపూ తిరిగి.

ఎవరో వెనకనుంచి, "కాపీ భాయ్!" అన్నారు. హాలంతా నవ్వు. అమర్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

*

ఇంటికొచ్చి ధాత్రి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. తల్లి వేదవతి బుగ్గలు నొక్కుకుంది. రామచంద్రరావు మాత్రం ఎందుకో కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"పోన్లే అమ్మలూ. చిన్న కుర్రాడు. అందరి ముందూ అనకుండా ఉండాల్సింది."

"దొంగతనం అందరి ముందే చేశాడు కదా నాన్నా!"

"ఆ హరిబాలు ఎవరే ఇంతకీ? మన గోదావరి వైపు పేరులా ఉందే," అంది వేదవతి.

"అరిబాల్ అమ్మా. స్లీపర్."

"రైల్లో స్లీపర్ తప్ప నాకింకోటి తెలీదు బాబూ," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సీజన్ మొదలైంది. అరిబాల్ నిజంగానే నిద్రపోయాడు. మొదటి వారం ఒక్కటే కొట్టాడు. రెండో వారం అదీ లేదు. అమెరికాలో రాత్రి ఆటలు ముగిసేసరికి ఖతార్‌లో తెల్లవారుతుంది. స్కూలుకు జడ వేసుకుంటూ లీగ్ వాట్సాప్ గ్రూపులో ధాత్రి రోజూ ఒక మెసేజ్ పెట్టేది.

"దొంగ సొత్తు అచ్చిరాలేదు పాపం."

బస్సులోంచి వెంటనే అమర్ జవాబు వచ్చేది. "పిలగాడు పండుకున్నడు మేడమ్. లొల్లి చెయ్యకున్రి, లేస్తడు."

"ఎప్పుడు? సెప్టెంబర్లోనా?"

"మీరు జోల పాడుడు బంద్ చేస్తే రేపే."

అతని జవాబులకు నవ్వు రాకూడదని ధాత్రి గట్టిగా నిర్ణయించుకుంది. నవ్వు వచ్చినప్పుడల్లా అద్దంలో తన్ను తానే కోప్పడింది.

కానీ ఒక సంగతి ఆమె బుర్రలో ముల్లులా ఉండిపోయింది. ఆ రోజు డ్రాఫ్ట్‌లో ప్రతి రౌండ్లోనూ అమర్ వంతు తనకంటే ముందు. నాన్న లిస్టులో అరిబాల్ కింద ఇంకో రెండు అరుదైన పేర్లున్నాయి. అమర్ వాటిని చదవడం తను చూసింది కూడా. అయినా అతను వాటి జోలికి పోలేదు. రెండూ తనకే దొరికాయి. లిస్టు దొంగిలించినవాడు ఒక్క పేరే తీసుకుని రెండు వదిలేస్తాడా? లెక్క ఎక్కడో తప్పింది.

*

ఏప్రిల్లో ఒక శుక్రవారం రామచంద్రరావు అమర్‌ను భోజనానికి పిలిచాడు.

"ఆ దొంగనా?" అంది ధాత్రి.

"హాస్టల్ తిండి తింటున్నాడమ్మా పాపం," అన్నాడాయన, ఆమె కళ్ళలోకి చూడకుండా.

అమర్ పుచ్చకాయ ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. వేదవతి అల్ ఖోర్ చేపల మార్కెట్లో తెచ్చిన రొయ్యలు గోంగూరలో వేసి వండింది. అతను మొదటి ముద్ద తిని కళ్ళు మూసుకున్నాడు.

"ఆంటీ, మా జనగామల రొయ్య అంటే ఫోటోల చూసుడే. గిది మస్తున్నది."

వేదవతి మొహం విచ్చుకోబోయింది. దొంగతనం సంగతి గుర్తొచ్చి మళ్ళీ ముడుచుకుంది. కానీ రెండో గరిటె మాత్రం పెద్దదే వేసింది.

ధాత్రి ఎదురుగా కూర్చుంది. "నాన్నా, మీ అరిబాల్ నలభైసార్లు బ్యాట్ పట్టి మూడుసార్లు కొట్టాడు. ఇంతకీ అతన్ని మీరు ఎందుకు ఎంచుకున్నారు?"

"ఎందుకేమిటి, టాలెంట్!"

"అది జవాబు. నాకు స్టెప్స్ కావాలి."

రామచంద్రరావు అన్నం కలుపుతున్న చెయ్యి నెమ్మదించింది. "అంటే... కుర్రాడు పరుగు బాగా తీస్తాడు."

"ఆ జట్టులో అందరికంటే నెమ్మదిగా పరిగెత్తేది అతనే నాన్నా."

"కదా! అదే నేననేది. పరిగెత్తే పని లేకుండా దూరంగా కొడతాడని."

"మరి పోయినేడు ఎందుకు కొట్టలేదు?"

"పోయినేడు మోకాలికి దెబ్బ..."

"సార్ అనేది మణికట్టు," అన్నాడు అమర్ మెల్లిగా.

"అదే, మణికట్టు! మోకాలన్నానా?"

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. అమర్‌కు ఆగడం చేతకాలేదు. కళ్ళద్దాల వెనక కళ్ళు మెరిశాయి.

"మణికట్టు విరిగితే బొక్క రెండు నెలల్ల అతుకుతది గని, బలం రానీకి ఏడాదిన్నర పడ్తది. పోయినేడు స్కోరు చూసినోళ్ళు ఈయన పని అయిపోయిందనుకుంటరు. స్కోరు చూడొద్దు. ఆఖరి నెలల ఆయన కొట్టిన బంతుల స్పీడ్ చూడాలె. అన్నీ పోయి పోయి ఫీల్డర్ల చేతులనే పడ్డయి, నసీబ్ బాగలేక. గని ఒక్కొక్కటి తుపాకి గుండు లెక్క పోయింది! ఈ ఏడు అవే బంతులు..."

ధాత్రి తినడం ఆపి అతన్నే చూస్తోంది. అమర్ ఆగాడు.

"...అని సార్ చెప్పిన్రు. బస్సుల," అని ముగించాడు.

"అవునవును," అన్నాడు రామచంద్రరావు. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

నాలుగేళ్ళ టీచరు ఉద్యోగంలో ధాత్రి ఇలాంటి జంటల్ని ఎంతమందిని చూసిందో. ఒకడికి జవాబు మాత్రమే తెలుస్తుంది. పక్కవాడికి స్టెప్స్ అన్నీ తెలుస్తాయి. ఎవడి పేపర్ ఎవడు చూశాడో చెప్పడానికి ఇంకేం కావాలి? ఆ రెండు పేర్లు కూడా అతనివే. నాన్న రాసుకున్నాడని ఆ కవరు చూశాకే అతనికి తెలిసింది. అందుకే వదిలేశాడు.

ఆమె నాన్న వైపు చూసింది. ఆయన గోంగూరలో రొయ్య కోసం తీవ్రంగా వెతుకుతున్నాడు. అమర్ వైపు చూసింది. అతను తల ఎత్తలేదు.

"మజ్జిగ పొయ్యనా?" అంది ధాత్రి.

*

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం ఆకాశం ముందు పసుపైంది, తర్వాత ఇసుక రంగైంది, ఆ తర్వాత ఒక్కసారిగా కుండపోత. ఏడాదికి నాలుగైదు సార్లు కూడా వాన చూడని ఊరు. జనం గొడుగులు వెతుక్కోవడం మానేసి బాల్కనీల్లోకి పరిగెత్తారు. రౌండబౌట్ చుట్టూ నీళ్ళు చేరి కార్లు పడవల్లా తేలుతూ పోతున్నాయి.

బస్ స్టాపు దగ్గర ఒక మనిషి ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, వానలో నిలబడి, ఫోను పైకెత్తి అరుస్తున్నాడు. "అమ్మా, ఇగో చూడు! దుబాయ్‌ల వాన పడ్తదా అంటివి గద. ఇది దుబాయ్ కాదు, ఖతార్. అయినా వాన పడ్తది!"

ధాత్రి కారు ఆపి అద్దం దించింది. "ఎక్కండి."

అమర్ ఫోను దించి చూశాడు. "సీటు తడుస్తది మేడమ్."

"ఎక్కమన్నానా!"

క్లాసులో పిల్లాడిలా ఎక్కి కూర్చున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకోవడానికి ఒంటి మీద పొడి బట్ట లేదు. ధాత్రి తన చున్నీ కొస చూసి, మానేసి, టిష్యూ పెట్టె అందించింది.

"ఆ రోజు నిజం ఎందుకు చెప్పలేదు?" అంది.

"ఏ నిజం?"

"అమర్ గారూ, నేను లెక్కల టీచర్ని."

అతను టిష్యూతో కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. "బస్సుల నాకు మాట్లాడకుంటే తోచది. సార్‌తోని రోజు చెప్తుండె. ఆయన రాస్కుంటున్నడని ఎర్కలే. మీ చేతిల కాయితం చూసినంకనే సమజయింది. మరి మీరేమో ఆ పేరు మీద వేలు పెట్టి, మా నాన్న తవ్వి తీసిన పేరు అన్నరు. అప్పుడు మీ మొహం మీరు చూస్కోలే. నేను చూసిన. అది చూసినంక నాకు నోరు రాలే."

వాన కారు పైకప్పు మీద దరువు వేస్తోంది.

"నేను గ్రూపులో రాస్తాను. అందరి ముందూ అన్నాను, అందరి ముందే క్షమాపణ చెప్తాను."

"వద్దు. ఇరవయ్యేండ్ల సర్వీసు ఆయనది. ప్లాంట్ మొత్తం ఇజ్జత్ ఇస్తది. నాకు మాటియ్యిన్రి."

"మరి మీ పరువో?"

"కాపీ భాయ్ అని పిలిచి చాయ్ పోస్తున్రు. నాకేం నష్టం?" నవ్వాడు. ఈసారి కూడా ఆ నవ్వు కాస్త ఆలస్యంగానే వచ్చింది. అది ధాత్రి గమనించింది.

"సరే. మాట," అంది చివరికి. "మణికట్టు సంగతి మీకెలా తెలుసు?"

అమర్ కుడిచెయ్యి చాపాడు. మణికట్టు మీద పాత కుట్ల గీత. "నేను వాలీబాల్ ఆడుతుంటి. జిల్లా టీమ్. ఇంటర్‌ల పడ్డ. బొక్క అతికింది గని ఏడాది దాకా నా సర్వీస్ నెట్ దాటలే. టీమ్ నన్ను మర్చిపోయింది. అయినా రోజు పొద్దుగాల పోయి ఒక్కణ్ణే కొడుతుంటి. ఒక దినం బంతి దాటింది. చూసెటోళ్ళు ఎవ్వరు లేరు. అరిబాల్ లెక్కలు చూస్తుంటే గదే యాదికొచ్చింది. ఈ పిలగాణ్ణి ఒక్కడన్న చూడాలె గదా అనిపించింది."

సిగ్నల్ ఎప్పుడో పచ్చగా మారింది. వెనకనుంచి ల్యాండ్ క్రూయిజర్ హారన్ మోగేదాకా ధాత్రి ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

*

తర్వాత ఇద్దరి మెసేజ్‌లూ గ్రూపులోంచి విడిగా బయటికి వచ్చాయి. పొద్దున అయిదింటికి స్కోరు. అయిదుంబావుకు దాని మీద వాదన. సాయంత్రానికి వాదన ఎక్కడ మొదలైందో ఇద్దరికీ గుర్తుండేది కాదు. జనగామలో అమర్ చెల్లెలి డిగ్రీ పరీక్షలు, ధాత్రి క్లాసులో భిన్నాలంటే ఏడ్చే పిల్ల, కాకినాడ కాజా గొప్పదా హైదరాబాద్ డబుల్ కా మీఠా గొప్పదా. ఈ చివరి తగాదా వారం నడిచింది.

మే రెండో వారంలో అరిబాల్ లేచాడు.

నాలుగు రోజుల్లో మూడుసార్లు బంతిని మైదానం దాటించాడు. ఆ వారం ధాత్రి వాళ్ళ జట్టు ఓడిపోయింది, అదీ అమర్ చేతిలో. స్టాఫ్ రూములో స్కోరు చూసి ఆమె "అబ్బ!" అని అరిచి, పక్కనున్న సైన్స్ టీచరును కావలించుకుంది.

"గెలిచావా?" అందావిడ.

"ఓడిపోయాను!" అంది ధాత్రి వెలిగిపోతూ. ఆ మాట తన చెవిన పడ్డాక గానీ ఆమెకు తన సంగతి తెలియలేదు.

సరిగ్గా ఆ రాత్రి భోజనాల దగ్గరే వేదవతి చెప్పింది. "అబుదాబి సంబంధం. అబ్బాయి బ్యాంకులో. వచ్చే శనివారం చూడ్డానికి వస్తున్నారు."

"వద్దమ్మా."

"చూడకుండానే వద్దేమిటే?"

"నాకు అమర్ అంటే ఇష్టం."

గరిటె గిన్నెలో పడింది. "ఆ అబ్బాయి అడిగాడా నిన్ను?"

"ఇంకా లేదు."

"మరి?"

"అడుగుతాడు."

"ఎవరూ? ఆ కాపీ అబ్బాయా?" వేదవతి గొంతు హెచ్చింది. "మీ నాన్న కాగితం దొంగతనంగా చూశాడని ఇంటికొచ్చి చెప్పింది నువ్వే కదుటే! ఒక పిచ్చి ఆటలో పేరు కోసం పెద్దాయన్ని మోసం చేసినవాడు రేపు నిన్నేం చూస్తాడు? ఎంత సరదా మనిషైనా సరే, బుద్ధి మంచిది కావాలి. అబద్ధమా నేననేది?"

ధాత్రి నాలుక చివర నిజం ఉంది. అమర్‌కు ఇచ్చిన మాట దాన్ని పట్టుకుని ఆపింది. ఆమె నాన్న వైపు తిరిగింది. ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

రామచంద్రరావు మంచినీళ్ళ గ్లాసు తీసుకున్నాడు. తాగకుండా దించాడు. "పొద్దున్నే బస్సు ఉంది," అని లేచి గదిలోకి వెళ్ళిపోయాడు.

చిన్నప్పుడు బల్ల మీద ఉప్పుడబ్బా, పచ్చడి సీసాలూ పెట్టి బేస్‌బాల్ నేర్పిన నాన్న. ఆయన ఏం చెప్పినా నిజమే అనుకుంటూ పెరిగింది. ఆమెకు కోపం కంటే ఎక్కువగా ఇంకేదో అనిపించింది. సింకు దగ్గర నిలబడి గిన్నెలన్నీ తోమేసింది, శుభ్రంగా ఉన్నవాటితో సహా.

*

మర్నాడు మొదటి పీరియడ్ అయ్యాక ఫోను చూసుకుంది. లీగ్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్. రెండు నిమిషాల పదకొండు సెకండ్లు. పంపింది నాన్న. ధాత్రి కారిడార్ చివరికి వెళ్ళి చెవి దగ్గర పెట్టుకుంది. వెనక బస్సు ఇంజన్ రొద.

"అందరికీ నమస్కారం. రామచంద్రరావుని. బస్సులో ఉన్నాను. అమర్ పక్కన నిద్రపోతున్నాడు. అందుకని మెల్లిగా మాట్లాడుతున్నాను. అరిబాల్‌ను కనిపెట్టింది నేను కాదండీ. అమర్. నా లిస్టులో మిగతా ఇద్దర్నీ కనిపెట్టిందీ అతనే. అతను చెప్తూంటే నేను రాసుకున్నాను. ఇంటికెళ్ళి నేనే కనిపెట్టానన్నాను. పన్నెండేళ్ళలో ఒక్క స్లీపర్ని కూడా సొంతంగా పట్టుకోలేదు నేను. మా అమ్మాయి దగ్గర ఒక్కసారి గొప్ప అనిపించుకోవాలని బుద్ధి పుట్టింది."

బస్సు ఏదో గతుకు దాటింది.

"మా అమ్మాయి అందరి ముందూ ఈ అబ్బాయిని దొంగ అంటే, నా పరువు పోతుందని ఇతను నోరెత్తలేదు. రెండు నెలల నుంచీ మీరంతా కాపీ భాయ్ అంటూంటే నేను పక్క సీట్లో కూర్చుని విన్నాను. ఇవాళ్టి నుంచి ఆ పేరు పిలవాలంటే నన్ను పిలవండి. ఇతన్ని మాత్రం పిలవకండి. ఇంకో మాట. దీన్ని మా ఇంటావిడకు కూడా పంపుతున్నాను. ఆవిడ దగ్గర ఒప్పుకోవడమే అన్నిటికంటే కష్టం. నాకోసం దేవుణ్ణి తలుచుకోండి."

కింద లియాఖత్ అలీ జవాబు. "రావ్ సాబ్, ఇట్ల ఒప్పుకోనీకి జిగర్ కావాలె. సలామ్. అమర్ మియా, నిద్ర లేస్తే మాఫ్ చెయ్యి మమ్మల్ని."

ధాత్రి గోడకు ఆనుకుని ముక్కు తుడుచుకుంది. రెండో పీరియడ్ పిల్లలు ఆ రోజు టీచర్ ఒక్క లెక్కా ఇవ్వలేదని ఇళ్ళకెళ్ళి సంబరంగా చెప్పారు.

సాయంత్రం నాలుగున్నరకు, అమర్ రమ్మన్న అల్ ఖోర్ కార్నిష్‌లో, సముద్రపు ఒడ్డున చేపల పడవలు కట్టేసిన చోట అతను నిలబడి ఉన్నాడు. డ్యూటీ బట్టల్లోనే వచ్చేశాడు. నుదుటి మీద హెల్మెట్ గీత ఇంకా పోలేదు.

"నేను లేచేసరికి బస్సుల అందరి ఫోన్లల్ల సార్ గొంతే," అన్నాడు. "ఏమైందో సమజ్ కాలే. సార్‌నడిగితే ఆయన కిటికీల నుంచి బయటికి చూస్కుంట, మా అమ్మాయి నీ తరఫున మా ఆవిడకు చెప్పేసింది బాబూ, ఇక నువ్వు చెప్పడమే ఆలస్యం అన్నరు."

ధాత్రి చెంపలు వేడెక్కాయి. "నాన్నకు నోట్లో నువ్వుగింజ నానదు."

"నిజమేనా?"

"మీరు చెప్పాల్సింది ముందు చెప్పండి."

అమర్ సముద్రం వైపు చూశాడు, పడవల వైపు చూశాడు, చివరికి ధైర్యం చేసి ఆమె వైపు చూశాడు. "చాన రోజుల నుంచి పొద్దుగాల లేవంగనే నేను స్కోర్ చూస్తలేను. మీ మెసేజ్ చూస్తున్న. అరిబాల్ కొట్టిండా లేదా మీరు చెప్తెనే నాకు తెలుస్తది. మీరు చెప్పకుంటే ఆయన కొట్టినా ఏం లాభం లేదు." గుటక వేశాడు. "ధాత్రీ, నన్ను పెళ్ళి చేస్కుంటవా?"

"గారూ, మేడమూ అన్నీ పోయాయా?"

"సారీ. చేస్కుంటరా?"

"వద్దు. మొదట అడిగినట్టే అడుగు."

అతను అడిగాడు. ఆమె ఒప్పుకుంది. పడవలో వల సర్దుకుంటున్న ముసలాయనకు తెలుగు రాదు గానీ, ఆ మొహాలు చూసి "మబ్రూక్!" అని అరబ్బీలో అభినందిస్తూ కేకేశాడు.

*

వేదవతి మూడు రోజులు భర్తతో మాట్లాడలేదు. మూడు పూటలా కాకరకాయ వండింది. ఆయన కిక్కురుమనకుండా తిన్నాడు. అబుదాబివాళ్ళకు ఫోన్ చేసి ఏదో చెప్పి మర్యాదగా ఆపేసింది. నాలుగో రోజు శుక్రవారం. అమర్‌ను రమ్మని కబురు పెట్టింది.

అతను ఇస్త్రీ చొక్కాలో వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మా ఆయన చేసిందానికి నువ్వెందుకయ్యా మాట పడ్డావు?" అంది ఆవిడ, కూర్చోమనకుండానే.

"పెద్దాయన గదా ఆంటీ."

"పెద్దాయన తప్పు చేస్తే చెప్పాలి. రేపు నా కూతురు తప్పు చేసినా ఇలాగే ఊరుకుంటావా?"

"ఆమె ఊకోనిస్తదా ఆంటీ? నేను తప్పు చేసినా స్టెప్స్ అడుగుతది."

వేదవతి పెదవులు బిగించింది. లాభం లేకపోయింది. నవ్వు తన్నుకొచ్చింది. రామచంద్రరావు తలుపు పక్కనుంచి తొంగిచూసి, ప్రమాదం తప్పిందని గ్రహించి, మెల్లిగా హాల్లోకి అడుగుపెట్టాడు.

"మీ అమ్మగారి నంబరివ్వు," అంది వేదవతి.

అమర్ ఇచ్చాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుంది, చీర కుచ్చెళ్ళు సర్దుకుంది, వీడియో కాల్ నొక్కి ఫోను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుంది. వంటింట్లో పెసరట్టు తిరగేస్తున్న ధాత్రికి రింగు వినిపిస్తూనే ఉంది. ఒకటి, రెండు, మూడు. ఎవరో ఎత్తారు. అవతల ఎక్కడో కోడి కూసింది.

"నమస్కారం వదినగారూ," అంది వేదవతి. "నేను ధాత్రి వాళ్ళమ్మనండీ."

పెసరట్టు మాడిపోతున్నా ధాత్రి అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. జనగామ నుంచి ఇల్లంతా వినిపించేలా ఒక గొంతు, "మంచిగున్నరా వదినా! మావోడు అన్నం తిన్నడా?" అంది.

"ఇప్పుడే పెడుతున్నానండీ," అంది వేదవతి. వంటింటి వైపు తిరిగి, "ధాత్రీ, అబ్బాయికి ఆకలేస్తోందిటే, పట్రా!" అని కేకేసింది.